కూడలిలో వదిలిన తొట్టి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా కొడుకు ఇనో ఎక్కడో ఏడుస్తుంటాడు, ఇక్కడ నాకు పాలు చేపుకొస్తాయి, వాడి ఏడుపు ఇంకెవరో మాన్పిస్తారు. అలా మాన్పించిన మనిషి చేతుల్లో ఏముందో నాకు తెలియదు.

ఎనిమిదో నెల అమావాస్య మర్నాడు పొద్దున అదే జరిగింది.

మా ఆయన గింపాచికి ఈ ఏడు నలభై రెండు. తొట్లూ బాల్చీలూ చేస్తాడు. మా వాడికి వాడుక లెక్కలో రెండో ఏడు, ఇంకా అడుగులు కూడా వెయ్యడం లేదు. నలభై రెండులో ఉన్న తండ్రికి రెండో ఏట ఉన్న మగబిడ్డ గండం, ఇద్దరిలో ఒకరే మిగులుతారు అంటారు. విరుగుడు కూడా అందరికీ తెలిసిందే. బిడ్డని కూడలిలో పారేసి రావాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. ముందే మాట్లాడుకున్న మనిషి చీపురూ చేటా పట్టుకొచ్చి, చెత్త ఎత్తినట్టు వాణ్ణి ఎత్తి, "దారిలో దొరికాడమ్మా, పెంచుకుంటారా" అంటూ మన గుమ్మంలోకే తెచ్చిస్తుంది. అప్పటినుంచి వాడు దొరికిన బిడ్డ. తండ్రి గండం వాడికి అంటదు.

ఎత్తడానికి టోఫు అంగడి మాసా అక్కని అడిగాం. ఆరుగురు పిల్లలు, ఆరుగురూ రాళ్ళలా ఉన్నారు, చెయ్యి మంచిదని. మా ఆయన కొత్త తొట్టి చేశాడు. ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే నక్క గుడి కూడలిలో వాణ్ణి తొట్లో పెట్టి ఇద్దరం వెనుదిరిగాం. వాడు ఏడ్చాడు. నేను తిరిగి చూడలేదు. కొంతసేపటికి ఏడుపు ఆగింది.

పొద్దుటి గంట కొట్టాక మాసా అక్క వచ్చింది. చేట ఖాళీగా ఉంది.

*

సందులన్నీ వెతికి నేను కావలి గదికి పరుగెత్తేసరికి మాసా అక్కని స్తంభానికి కట్టేసి ఉన్నారు. కట్టించింది తొరాజో. వంతెన అవతలి పేట దొంగల్ని పట్టే మనిషి వాడు, మా పేటలో గిన్నె పగిలినా ముందు వాడికే వినిపిస్తుంది. నడుముకి ఇనుప కర్ర, మొహాన నవ్వు.

"ఆరుగురు పిల్లలు, టోఫు రుబ్బే బండ ఒకటి," అన్నాడు నాతో. "ఏడో నోరు అమ్మితే ఆరు నోళ్ళు నిండుతాయి. ఇందులో బుర్ర పగలగొట్టుకునేదేం లేదు."

"నా పిల్లల్నే అమ్ముదును," అంది మాసా అక్క. "కొన్నవాడు నాలుగు రోజుల్లో తెచ్చి నా గుమ్మంలో పడేస్తాడని ఆగాను, అంత తిండిపోతులు. ఇంకొకళ్ళ బిడ్డ నాకెందుకయ్యా."

ఆమె చేతులకి ఇంకా సోయా నురగ ఆరలేదు. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. నేను నమ్ముతానా లేదా అని చూస్తోంది. నాకేం చెయ్యాలో తెలియక ఆమె జారిన పైబట్ట సర్ది నిలబడ్డాను.

అప్పుడు సహేయ్ వచ్చాడు. మా పేట మనిషి, తొరాజో లాంటి పనే. కానీ ఇతని భార్య తీపి పిండివంటల కొట్టు నడుపుతుంది కాబట్టి ఎవరి దగ్గరా చెయ్యి చాచడు. ఒక మోకాలు వంగదు. గట్టు మీద ఆ కాలు చాపుకుని కూర్చున్నాడు.

"తొరాజో, దారి తప్పావా? మీ పేట వంతెన అవతల కదా."

"బిడ్డ ఏడుపుకి హద్దులుండవు అన్నా."

"బహుమతికీ ఉండవులే." అని నా వైపు తిరిగాడు. "తల్లీ, ఏడుపు ఎక్కడ ఆగింది?"

"బియ్యం దంపేవాళ్ళ మూల దగ్గర."

"అంటే మీరు కూడలి దాటి ఎంతో దూరం పోలేదు. అప్పటికి గంట కొట్టారా?"

"లేదు. నేను ఇంటికొచ్చి, పొయ్యి రాజేసి, ఎసట్లో బియ్యం పోశాక కొట్టారు."

"ఎలా ఆగింది? సన్నగిల్లి ఆగిందా?"

"టక్కున ఆగింది."

"విన్నారా," అన్నాడు తొరాజో. "నోరు నొక్కేశారు."

సహేయ్ నన్నే చూస్తున్నాడు. "నోరు నొక్కితే బిడ్డ గింజుకుంటాడు, ముక్కుతో మూలుగుతాడు. అది వినిపించిందా?"

"లేదన్నగారూ." చెప్పడానికి సిగ్గేసింది. "నా దగ్గర కూడా వాడు అలాగే ఆపుతాడు. రొమ్ము అందగానే."

దూరంగా నది వైపు నుంచి డప్పూ గంటా వినిపిస్తున్నాయి. మా సందు మగవాళ్ళు వాడి పూర్తి పేరు పిలుస్తూ వెతుకుతున్నారు. "తప్పిపోయిన ఇనోకిచీ, ఓ ఇనోకిచీ" అని అందరి గొంతుల మీదా మా ఆయన గొంతే.

"పాలున్న ఆడమనిషి," అన్నాడు సహేయ్. "మాసా, నీ చిన్నదానికి ఎన్నేళ్ళు?"

"నాలుగు. పాలు మానేసి రెండేళ్ళయింది. కావాలంటే టోఫు పాలు పిండుతాను."

"నిన్ను ఎప్పుడు రమ్మన్నాడు గింపాచి?"

"గంట కొట్టాక. మొదటి వాయి టోఫు తీసి, తీరిగ్గా రా అన్నాడు. గంట విన్నాకే చీపురు పట్టాను."

నేను ఆమె వైపు చూశాను. "కాదక్కా. నువ్వు ముందే వచ్చి గుడి వెనక నిలబడి ఉంటావన్నాడు. మేం తిరగ్గానే ఎత్తేస్తావని. అందుకే ఏడుపు ఆగితే నేను భయపడలేదు. నీ చేతుల్లో ఉన్నాడనుకుని అన్నం వండుకుంటూ కూర్చున్నాను."

"నాతో అలా అనలేదే నుయీ."

సహేయ్ తన మోకాలు రుద్దుకున్నాడు. ఆ మాట మీద ఇంకేమీ అడగలేదు. నాకదే నచ్చలేదు.

"వాడి ఒంటి మీద ఏముంది?"

"నీలి చుక్కల చొక్కా. అడుగున మెత్తగా ఉంటుందని మా ఆయన దూది కోటు పరిచాడు."

"ఈ నెల్లో దూది కోటా?"

"తొట్టి గట్టిది కదా అన్నాడు."

"పేరు బిళ్ళ?"

తప్పిపోతే ఇంటికి చేర్చడానికి పిల్లల నడుముకి కట్టే ఇత్తడి బిళ్ళ అది. పేరూ పేటా ఉంటాయి. "మా ఆయనే తీసేశాడు. పారేసిన బిడ్డకి పేరు ఉండకూడదట."

సహేయ్ గట్టు దిగాడు. "పద, కూడలి చూద్దాం. తొరాజో, ఆ తాడు విప్పు."

"నా ముద్దాయిని నేను విప్పను."

"అయితే స్తంభాన్ని కూడా పీక్కుని తెచ్చుకో. ఆవిడ కూడా రావాలి."

*

తొట్టి పెట్టిన చోటే ఉంది. తెల్లవారుజామున పడ్డ జల్లుకి మట్టి మెత్తబడి ఉంది. తొరాజో మనిషి ఒకడు కాపలా ఉన్నాడు.

తొరాజో నన్ను వెనక్కి నెట్టి తొట్లోకి వంగాడు. లేచి, నవ్వు లేకుండా అన్నాడు. "ఆడవాళ్ళని అవతలికి తీసుకెళ్ళండి."

నేను చూసేశాను. కొత్త చెక్క, పాలలా తెల్లగా ఉంది. అడుగున ఎర్రటి మరక, నా అరచెయ్యంత. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మాసా అక్క కట్టేసిన చేతులతోనే నన్ను తన ఒళ్ళోకి లాక్కుంది.

"రక్తం," అన్నాడు తొరాజో. "ఇంక అమ్మకం కాదిది. చంపి, శవాన్ని నదిలో వేశారు."

సహేయ్ వంగని కాలు పక్కకి చాచి, కష్టం మీద నేల మీద కూర్చున్నాడు. వేలు తడి చేసుకుని మరక అంచు రుద్దాడు. వెలుగులోకి పెట్టి చూశాడు.

"రంగులవాళ్ళ పేట పక్కన పుట్టి రంగుకీ రక్తానికీ తేడా తెలియనివాడివి నువ్వొక్కడివే. రక్తం ఆరితే నల్లబడుతుంది. ఇది అంచులు ఆరిపోయి కూడా కుంకుమలా ఉంది. తల్లీ, ఇది నీ బిడ్డ రక్తం కాదు. విన్నావా? లే."

నేను లేవలేకపోయాను కానీ విన్నాను.

తొట్టి మూలనుంచి అతనొకటి తీశాడు. బొటనవేలంత పొడుగు గడ్డి చెప్పు, ఒక్కటే. దాని పట్టెడ నానిపోయి, రంగు దిగి, ఎర్ర నీరు ఇంకా కారుతోంది.

"మరక దీనిది. నుయీ, మీ వాడిదా?"

"వాడు నడవడం లేదు. వాడికి చెప్పులు లేవు."

"ఆరుగురు పిల్లలున్న ఇంట్లో చెప్పులకి కరువా," అన్నాడు తొరాజో.

మాసా అక్క నవ్వులాంటి శబ్దం చేసింది. "మా ఇంట్లో చెప్పు మూడు పూటలు నిలిస్తే పండగ. దీని అడుగు చూడు."

అడుగు శుభ్రంగా ఉంది. ఒక్క అరుగుదల లేదు. నేల మీద ఎప్పుడూ ఆనని చెప్పు.

"నడక రాని పిల్లాడి కోసం ముచ్చటపడి అల్లింది," అన్నాడు సహేయ్. "పరుగులో జారిపడితే దారిలో పడాలి. ఇది తొట్లో మూలకి పెట్టి ఉంది, ముందు వైపు బయటికి. ఇప్పుడు నేల చూడండి."

మట్టి మీద చీపురు గీతలున్నాయి. నేను మాసా అక్క వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఖాళీ తొట్టి చూడగానే చీపురు ఊడ్చకుండానే పరుగెత్తుకొచ్చిందట.

"అడుగుల జాడ చెరిపేశాడు. అంతేగా," అన్నాడు తొరాజో.

"చెరిపేవాడు తొట్టి నుంచి వెనక్కి నడుస్తూ ఊడుస్తాడు. ఈ గీతలు మూడు వైపులనుంచీ తొట్టి వైపుకే వచ్చాయి, పొట్టు పోగుచేసినట్టు. ఇదిగో, రెండు గుంటలు. ఇవి మోకాళ్ళు. ఎత్తుకుపోయేవాడు ఎక్కడైనా మోకాళ్ళ మీద కూర్చుని బిడ్డకి పాలిస్తాడా తొరాజో? శాస్త్రం తెలిసిన మనిషి వచ్చింది. ఊడ్చింది, ఎత్తింది, పాలిచ్చింది. ఎత్తిన చోటు ఖాళీగా వదలకుండా బదులుగా ఒక వస్తువు పెట్టింది. బదులు పెట్టడం మన ఊరి పద్ధతి కాదు. ఎక్కడిది?"

నాకు తెలుసు. మా ఆయన ఊరిది. ఉత్తరాన కొండల మధ్య వాళ్ళ పల్లెలో చెట్టు కొట్టినా ఆ గుంతలో ఒక గులకరాయి వేస్తారు. మా ఆయన ఇప్పటికీ గంపలోంచి ఆఖరి ముల్లంగి తీస్తే ఒక ఆకు పడేస్తాడు. నేను నవ్వేదాన్ని.

నేను చెప్పేలోపే సహేయ్ నా మొహం చూశాడు. చెప్పుని కాగితంలో చుట్టి చొక్కా చేతి మడతలో దోపుకున్నాడు. గుడి ముందు రాతి తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. రక్తం కాదన్న మనిషి అంతగా ఎందుకు తోముకుంటున్నాడో నాకు అర్థం కాలేదు.

"మీ ఆయన ఎటు వెతుకుతున్నాడు?"

"నది వైపు."

"పొద్దుటినుంచీ అటేనా?"

డప్పు ఇంకా దక్షిణాన నది వైపు నుంచే వినిపిస్తోంది.

*

సహేయ్ పిలిపిస్తే మా ఆయన మెడలో డప్పు వేసుకుని, గొంతు బొంగురుపోయి వచ్చాడు. చుట్టూ సందు జనం. తొట్టి వైపు చూడలేదు.

"గింపాచీ, ఆ డప్పు దింపు," అన్నాడు సహేయ్. "బరువు. దూది కోటు ఎందుకు పెట్టావు?"

"చలికి."

"మాసా ముందే నిలబడి ఉంటుందని పెళ్ళాంతో చెప్పావు. గంట కొట్టాక రమ్మని మాసాతో చెప్పావు. మధ్యలో బిడ్డ ఎవరి కోసం?"

మా ఆయన డప్పు కర్రని గట్టిగా పట్టుకున్నాడు.

"ఊరికి నాలుగు దిక్కులుంటే ఒక దిక్కే వెతికావు. ఎందుకు?"

"ఉత్తరాన వెతికితే దొరికిపోతుంది కాబట్టి," అన్నాడు మా ఆయన. చాలా మెల్లగా అన్నాడు. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు.

తర్వాత మొత్తం వచ్చింది. రికు అతని చెల్లెలు, ఆ కొండ పల్లెలోనే ఇచ్చారు. నేనెప్పుడూ చూడలేదు. పోయిన నెల ఆమె బిడ్డ పోయాడు. అదే నెల్లో ఒక జోస్యుడు మా ఆయనతో అన్నాడట, ఉత్తుత్తినే పారేస్తే గండం మోసపోదు, నిజంగా దూరం కావాలి అని. గుర్రాలు తోలే మనిషితో కబురు పంపాడు. రికు కొండ దిగి వచ్చింది.

"వచ్చే ఏడు తెచ్చేసుకుందామనే నుయీ," అన్నాడు. "ఏడాదే. నేను బతుకుతాను, వాడు బతుకుతాడు, దాని కన్నీళ్ళు ఆరతాయి. నీకు చెబితే ఒప్పుకోవు."

నేను డప్పు కర్ర తీసుకుని కొట్టాను. ఎక్కడ తగిలిందో చూడలేదు. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఛీ," అన్నాడు తొరాజో. మాసా అక్క తాడు తనే విప్పాడు. "తండ్రి మేనత్తకి ఇచ్చాడు. ఇది ఇంటి గొడవ, నేరం ఎక్కడుంది? పొద్దంతా పాడుచేశారు."

"నా చేతులు ఎవరు బాగుచేస్తారు?" అంది మాసా అక్క.

"టోఫు నీళ్ళలో పెట్టుకో." అంటూ వెళ్ళిపోయాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ నిమిషంలో నాకు ఊపిరి వచ్చింది. వాడు బతికి ఉన్నాడు. మేనత్త దగ్గర ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. ఇప్పుడే బయలుదేరితే రేపో మాపో అందుకోవచ్చు. చెప్పులు వెతుక్కుంటున్నాను కూడా.

సహేయ్ ఒక్కడే కదల్లేదు.

"గింపాచీ, నీ చెల్లెలి బిడ్డ ఎలా పోయాడు?"

"విరేచనాలన్నారు."

"ఎవరు?"

"అదే చెప్పి పంపింది."

"నువ్వు చూడలేదు." సహేయ్ చొక్కా చేతి మడతలోంచి కాగితం పొట్లం తీసి, నేల మీద పెట్టి, పుల్లతో విప్పాడు. చేత్తో ముట్టుకోలేదు. చెప్పు పట్టెడని పుల్లతోనే చీల్చాడు. గుడ్డ కాదు. ఎర్ర కాగితం, సన్నగా పురి పెట్టి అల్లింది.

మాసా అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎర్ర కాగితం ఎందుకో ఈ ఊళ్ళో ఏ తల్లికీ చెప్పక్కర్లేదు. మశూచి పోసిన బిడ్డ గదిలో అన్నీ ఎర్రవే. తలుపుకి ఎర్ర కాగితం, ఒంటికి ఎర్ర బట్ట, ఆడుకోవడానికి ఎర్ర బొమ్మ, దేవుడికి ఎర్ర అలసందల అన్నం. బిడ్డ కోలుకున్నా పోయినా ఆ గదిలోవన్నీ కాల్చెయ్యాలి, లేదా గడ్డి మూత మీద పెట్టి ఏట్లో వదిలెయ్యాలి. ఇంట్లో ఉంచుకోకూడదు. రికు ఉంచుకుంది. విరేచనాలని ఎందుకు చెప్పిందో కూడా నాకు అర్థమైంది. మశూచి ఇంటినుంచి వచ్చానంటే దారిలో ఏ సత్రం తలుపూ తెరవదు.

నేను ఆమెని తిట్టలేకపోయాను. తన బిడ్డ లేచి నడిస్తే తొడుగుదామని మంచం పక్కన కూర్చుని అల్లి ఉంటుంది. ఏట్లో వదలడానికి చేతులు వచ్చి ఉండవు.

"నుయీ, ఇనోకి వచ్చి పోయిందా?" అడిగాడు సహేయ్.

"ఇంకా లేదు."

"చెప్పులు జత ఉంటాయి," అన్నాడు. "ఒకటి ఇక్కడుంది. రెండోది ఆమె మూటలో ఉంది. చెప్పు దాచుకున్న మనిషి చొక్కా దాచుకోకుండా ఉండదు. కొండ దారిలో చలి మొదలవగానే వాడికి ఏం తొడుగుతుందో ఆలోచించు."

మా ఆయన మెడలోంచి డప్పు తీసి కింద పెట్టాడు. అతని మొహాన చిన్నప్పటి మశూచి గుంటలున్నాయి, అతనికి భయం లేదు. ఒక్క మాట కూడా చెప్పకుండా ఉత్తరం వైపు పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

*

సహేయ్ ఊరి హద్దు దాకా వెళ్ళి వచ్చాడు. హద్దు దాటితే అతని ఇనుప కర్ర ఉత్త కర్రే. కొండ దారి ఠాణాలో ఆడవాళ్ళకి చీటీ లేకపోతే దాటనివ్వరు. నా చీటీ కోసం మా అద్దె ఇంటి యజమాని అడిగాడు, ఇంకా రాలేదు. మా ఆయన నుంచి కబురు లేదు. ఇవాళ పౌర్ణమి. అందరూ చంద్రుడికి ఉండలు చేసి పెట్టుకుంటున్నారు. అంటుకుని ఉంటే జ్వరం వచ్చే రోజులివి.

గుడి బడిలో నేను చిన్న అక్షరాలే నేర్చుకున్నాను, తర్వాత పిల్లల్ని ఆడించే పనిలో పెట్టారు. తప్పులుంటే సర్ది చదవండి. దీన్ని వంతెన దగ్గర తప్పిపోయిన పిల్లల రాయికి అంటిస్తున్నాను. ఇంకోటి రాసి గుర్రాలవాళ్ళ చేతికిస్తున్నాను. ఆ రాయికి ఒక పక్క వెతికేవాళ్ళు కాగితాలు అంటిస్తారు, నాదీ అక్కడే. రెండో పక్క బిడ్డ దొరికిందని చెప్పేవాళ్ళది, అటు రోజూ చూస్తున్నాను. మాసా అక్క చీపురూ చేటా మా తలుపుకి తగిలించి పోయింది. వాడు వస్తే ఊడ్చి ఎత్తడం తన వంతేనట. నేను పూటపూటకీ పాలు పిండి పారబోస్తున్నాను, ఆగిపోకుండా.

మీరు ఉత్తర కొండ దారిలో ఉండేవాళ్ళైతే, మీ పక్క గదిలోనో సత్రంలోనో ఒంటరి ఆడమనిషి చంకలో బిడ్డతో దిగి ఉంటే, ఆమెని కొట్టకండి, కేకలెయ్యకండి. ఆమె కూడా బిడ్డ పోయిన తల్లే. తలుపు తట్టి లోపలికి వెళ్ళండి. పిల్లాడి మెడ కింద వెన్ను మొదట్లో జబ్బు రాకుండా ఆకు మందు పెట్టి కాల్చిన మచ్చలు రెండు ఉంటే వాడు మా ఇనో. ఒంటి మీద ఎర్ర చొక్కా ఉంటే తీసేసి దూది కోటు తొడగండి. నుదురు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందో లేదో, ఆ ఒక్క మాట నాకు కబురు పంపండి.